నా చార్టులు బాగున్నాయి, పిల్లలకు లెక్క రాలేదు

బెంగళూరులో కె.ఆర్.పురం వైపు ఒక ప్రైవేటు పాఠశాలలో నాలుగో తరగతికి లెక్కలు, పరిసరాల విజ్ఞానం చెప్పే ఉపాధ్యాయురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆ ఉత్తరం సారాంశం ఇది.

సొంత ఊరు కడప దగ్గర. భర్త ఉద్యోగం కోసం తొమ్మిదేళ్ల క్రితం ఈ ఊరు వచ్చారు. జీతం 24 వేలు. తరగతిలో 42 మంది. పాఠం ఆకర్షణీయంగా ఉండాలని ప్రతి అధ్యాయానికీ చార్టులు, నమూనాలు, ఫ్లాష్ కార్డులు తయారు చేస్తారు. రాత్రి పదకొండు దాటాక కత్తెర, జిగురు ముందేసుకుని కూర్చుంటే ఏడో తరగతి చదివే కూతురు రంగులు వేసి పెడుతుంది. జూన్ నుంచి డ్రాయింగ్ షీట్లకు, లామినేషన్‌కు, రంగు ప్రింట్లకు అయిన ఖర్చును భర్త ఒకరోజు బిల్లులు ముందు పెట్టుకుని కూడితే 31,400 రూపాయలు తేలింది. "నువ్వు ఉద్యోగం చేస్తున్నావా, బడికి చందా ఇస్తున్నావా?" అన్నారట. ఫోనులో ఉపాధ్యాయుల గ్రూపుల నుంచి దాచుకున్న వర్క్‌షీట్లు 1,400 దాటాయి. వాటిలో ఏది ఎక్కడుందో ఆమెకే తెలియదు.

కోఆర్డినేటర్ ఆ చార్టులను ఫోటోలు తీసి బడి కరపత్రంలో వేయించారు. ఆమె పేరు మాత్రం వేయలేదు. పైగా వచ్చే వార్షికోత్సవానికి వరండా మొత్తం అలంకరించే పని కూడా ఆమెకే అప్పగించారు. "మీ వల్ల మమ్మల్ని కూడా చేయమంటున్నారు" అని తోటి టీచర్లు మొహం ముడుచుకుంటున్నారు.

ఇవన్నీ ఒక ఎత్తు. అర్ధసంవత్సర పరీక్షలో 1/3, 1/4లలో ఏది పెద్దది అని అడిగితే ఆమె తరగతిలో 27 మంది 1/4 అని రాశారు. పక్క సెక్షన్‌లో సుద్దముక్క తప్ప మరేమీ ముట్టని సీనియర్ టీచర్ ఉన్నారు. అక్కడ తప్పు రాసినవాళ్లు 11 మంది. "నా భిన్నాల చార్టు ముందు పిల్లలు ఫోటో దిగారు. లెక్క మాత్రం రాలేదు. ఇవన్నీ మానేయనా? బడిని డబ్బు అడగనా? వేరే బడి చూసుకోనా? మంచి వెబ్‌సైట్లు ఏవైనా ఉంటే చెప్పండి. తయారు చేసిన చార్టులు ఏం చేయాలో కూడా చెప్పండి" అని ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరం చివరి పేజీకి వచ్చేసరికి నవ్వు వచ్చింది, ఏమీ అనుకోకండి. 1,400 వర్క్‌షీట్లలో మునిగిపోతున్నానని ఆరు పేజీలు రాసి, ఏడో పేజీలో మరికొన్ని వెబ్‌సైట్లు చెప్పమన్నారు. నేనూ అలాంటి మనిషినే. చిత్తూరు జిల్లాలో ముప్పై మూడేళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి, చింతపిక్కలు, అగ్గిపెట్టెలు, సీసా మూతలు పోగు చేసి ఇంట్లో తిట్లు తిన్నాను. కాబట్టి నా మాటలను దెప్పిపొడుపుగా తీసుకోకండి.

మీ ఉత్తరంలో మూడు బాధలు ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. డబ్బు పోతోంది. పేరు రావడం లేదు. పిల్లలకు లెక్క రాలేదు. ఈ మూడింటికీ మందు వేరువేరు. బడి రేపే మీ డబ్బు మొత్తం తిరిగి ఇచ్చి, కరపత్రంలో మీ పేరు పెద్ద అక్షరాలతో వేసినా ఆ 27 మందికి మూడో వంతు పెద్దదని తెలియదు. అందుకే లెక్కతో మొదలుపెడతాను. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది కూడా అదేననుకుంటాను.

భిన్నాల చార్టు మీద రంగురంగుల పిజ్జాలు గీశానని రాశారు. ఒకసారి స్కేలు పట్టుకుని వెళ్లి కొలవండి. సగం చూపించిన పిజ్జా, మూడో వంతు చూపించిన పిజ్జా, నాలుగో వంతు చూపించిన పిజ్జా ఒకే సైజులో ఉన్నాయా? అందంగా సర్దడం కోసం ఒకటి పెద్దదిగా, ఒకటి చిన్నదిగా వేసి ఉంటే, మొత్తం ఒకటే అయినప్పుడే వంతులను పోల్చగలం అనే అసలు సంగతి అక్కడే జారిపోయింది. ఒకే సైజులో ఉన్నాయనుకుందాం. అప్పుడు కూడా ఆ పిజ్జాను కోసింది మీరు. పిల్లలు చూశారు, అంతే. 4 అంకె 3 కంటే పెద్దది కాబట్టి 1/4 పెద్దదని వాళ్లు అనుకోవడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు. మూడేళ్లుగా మనం నేర్పిన అంకెల జ్ఞానాన్నే వాళ్లు నమ్ముకున్నారు. ఆ నమ్మకం గోడ మీది బొమ్మ చూస్తే కదలదు. చేత్తో పంచి, తక్కువ వచ్చినప్పుడు కదులుతుంది.

మీరు బెంగళూరులో ఉన్నారు. ఈ ఊళ్లో హోటలుకు వెళ్లిన ప్రతి పిల్లాడికీ 'బై టూ కాఫీ' తెలుసు. ఒక కాఫీ చెప్పి రెండు గ్లాసుల్లో పోయించుకోవడం. ఒక సీసా నీళ్లు, నాలుగు ఒకేరకం గ్లాసులు తీసుకెళ్లండి. ముందు బై టూ పోయించండి. తరువాత అదే సీసా నింపి బై త్రీ. పోయకముందే అడగండి: ఈసారి గ్లాసులో నీళ్లు పెరుగుతాయా, తగ్గుతాయా? తరువాత బై ఫోర్. పోసేది పిల్లలే. వాళ్లు 'వన్ బై ఫోర్' అని పలికేటప్పుడు ఆ 'బై' అంటే పంచడమని అప్పటిదాకా ఎవరూ చెప్పి ఉండరు. తెలుగు పిల్లలకైతే 'నాలుగో వంతు' అన్న మాటలోనే నాలుగు వంతులు వినిపిస్తాయి. ఇంట్లో మాట్లాడే మాటను లెక్కల పీరియడ్‌లోకి రానివ్వండి, కన్నడ పిల్లలనూ తమిళ పిల్లలనూ వాళ్ల మాట చెప్పమనండి.

మరుసటి రోజు కాగితపు పట్టీలు. 42 మందికీ ఒకే పొడవు. సగానికి మడవడం, మళ్లీ సగానికి మడిచి నాలుగు చేయడం తేలిక. మూడు సమాన భాగాలుగా మడవమంటే తరగతి అల్లకల్లోలం అవుతుంది. సాయం చేయకండి. సరిగా రాలేదని ఏడ్చే పిల్ల, పక్కవాడి పట్టీ పక్కన పెట్టి చూసుకునే పిల్లాడు, వీళ్లే ఆ రోజు నేర్చుకుంటున్నారు. చివరికి మూడో వంతును, నాలుగో వంతును ఒకదాని మీద ఒకటి పెట్టి చూడమనండి. ఖర్చు పది రూపాయలు కూడా కాదు. సమయం మాత్రం రెండు పీరియడ్లు పోతుంది. సిలబస్ వెనకబడిందని కోఆర్డినేటర్ అడిగితే చెప్పుకోవాల్సింది మీరే. అది కూడా లెక్కలో వేసుకుని దిగండి.

ఇక ఆ సీనియర్ టీచర్ సంగతి. ఆవిడ గురించి మీరు ఒక పేజీ రాశారు, ఆ పేజీలో కొంచెం కోపం ఉంది. ఆవిడ తరగతిలో ఏం జరుగుతోందో మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు, ఎందుకంటే మీరు చూడలేదు. నా అంచనా చెబుతాను, తప్పు కావచ్చు. ఆవిడ ప్రశ్న అడిగి ఆగుతూ ఉంటారు. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త 1970లలో తరగతి గదుల్లో రికార్డింగులు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు, ఆపైన ఆగినప్పుడు పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. ఇలా ఆగడానికి లామినేషన్ అక్కరలేదు. చేతినిండా చార్టులు ఉన్న టీచరుకు మౌనం కష్టం, తరువాతి చార్టు చూపించాలనే తొందర ఉంటుంది. ఇది నా అనుభవమే.

రెండు పీరియడ్లు వెళ్లి ఆవిడ తరగతిలో వెనక బెంచీలో కూర్చోండి. "అక్కా, భిన్నాలు మీ పిల్లలకు బాగా వచ్చాయి, ఎలా చెప్పారో చూడాలని ఉంది" అని అడిగితే కాదనే టీచరును నేను చూడలేదు. మీ గౌరవం తగ్గుతుందా అంటే స్టాఫ్‌రూములో ఒక వారం మాట నడుస్తుంది. కానీ మీ వల్ల పని పెరిగిందని మొహం ముడుచుకున్నవాళ్లకు మీరు పోటీకి రాలేదని తెలిసేది కూడా అలాగే. వెళ్లకుండా ఉండిపోతే వచ్చే ఏడాది కూడా ఆ సెక్షన్ మార్కులు చూసి ఊహించుకుంటూ కూర్చోవాలి.

ఇక్కడ పాత కథ ఒకటి చెప్పాలి. 1987లో ప్రాథమిక బడులకు కనీస సామగ్రి ఇచ్చే ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం వచ్చింది. ఆ తరువాత మా ఊరి బడికీ ఒక పెట్టె చేరింది. భూతద్దం, అయస్కాంతం, ఇంకా ఏవేవో. అప్పటి మా పెద్దసారు వాటిని స్టాకు రిజిస్టరులో ఎక్కించి తాళం వేశారు. పగిలితే జవాబు చెప్పాల్సింది ఆయనే కదా. నాలుగేళ్ల తరువాత తెరిస్తే అయస్కాంతం ఇంకా కాగితంలో చుట్టే ఉంది. మీ లామినేషన్ చూస్తే నాకు ఆ తాళం గుర్తొచ్చింది. పిల్లలు ముట్టుకుంటే పాడవుతుందనే కదా దాన్ని వేయించేది!

అప్పట్లోనే బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడిచింది. దాని శిక్షణలో మాకు ఆరు సూత్రాలు నేర్పారు. చివరిది తరగతి గది గోడలకు సంబంధించింది: ప్రదర్శించాల్సింది పిల్లల పని. టీచరు పని అని అందులో లేదు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు నడిపే పల్లెటూరి బడులకు వెళ్లినప్పుడు ఆ మాట కళ్లతో చూశాను. పాఠాలన్నీ చిన్న చిన్న కార్డులు. పిల్లల చేతికి అందే ఎత్తులో పెట్టి ఉంటాయి. గోడ మీది నిచ్చెన బొమ్మ చూసుకుని, తన మెట్టు ఏదో తెలుసుకుని, తన కార్డు తనే తెచ్చుకుంటుంది పిల్ల. అక్కడ చూసి వెళ్లిన కర్ణాటక టీచర్లే 1995 ప్రాంతంలో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెలో ఇలా కార్డులతో నేర్పే 'నలి కలి' పద్ధతి మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఆ బాట పట్టాయి. ఒక తెలుగు కొండ ప్రాంతంలో కార్డు ముక్కలతో మొదలైన పని రెండు రాష్ట్రాలు దాటింది. ఆ కార్డులు పిల్లల చేతుల్లో నలిగి చిరిగిపోతాయి. చిరిగినప్పుడు మళ్లీ రాసుకుంటారు.

కాబట్టి మానేయాలా అని అడిగితే, గోడ కోసం చేసేది మానేసి, చేతుల కోసం చేసేది ఉంచుకోమంటాను. ఒక వస్తువు తయారు చేయబోయే ముందు మిమ్మల్ని మీరు అడగండి: దీన్ని 42 మందిలో ఎంతమంది ముట్టుకుంటారు, ఏడాదిలో ఎన్నిసార్లు? వంద పూసల దండ ఉందనుకోండి, పదేసి పూసలు ఒక రంగు, తరువాతి పది మరో రంగు. కూడిక, తీసివేత, దశాంశాలకు ముందుచూపు, అన్నింటికీ అదే పనికొస్తుంది. పదేసి చీపురు పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన కట్టలు కూడా అంతే. పారేసే వస్తువులతో బొమ్మలు చేయడం నేర్పే అరవింద్ గుప్తా గారి అగ్గిపుల్లల ఆట మీకు తెలిసే ఉంటుంది. సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలు కలిపి మూడు పుల్లల ఆకారం చేస్తే గట్టిగా నిలబడుతుంది, నాలుగు పుల్లలది పక్కకు ఒరిగిపోతుంది. ఎందుకని అడిగి, మీ బడి కిటికీలోంచి కనిపించే క్రేన్లలో, కరెంటు టవర్లలో త్రిభుజాలు లెక్కపెట్టమనండి.

పరిసరాల పాఠానికి 1,100 రూపాయలు పెట్టి థర్మాకోల్ కొండ చేశానన్నారు. లాల్‌బాగ్ తోట ఉన్న ఊళ్లో! అక్కడ కెంపేగౌడ గోపురం నిలబడి ఉన్న రాతిబండ వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. బడి బస్సు ఇవ్వకపోతే పోనీయండి. ఆదివారం అమ్మానాన్నలతో వెళ్లే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. ఆ బండ మీద చేయి పెట్టి, ఏ రంగు చారలు కనిపించాయో, ఎక్కడ పొర ఊడిందో వచ్చి చెప్పమనండి.

వెబ్‌సైట్లు అడిగారు కాబట్టి మూడే చెబుతాను. అరవింద్ గుప్తా గారి సైటులో బొమ్మల తయారీ వివరాలు ఉచితంగా ఉన్నాయి. ప్రథమ్ బుక్స్ అనే మన బెంగళూరు సంస్థే 2015లో స్టోరీవీవర్ అనే ఉచిత కథల సైటు తెచ్చింది. కథలు చదివే స్థాయిని బట్టి ఉంటాయి, లెక్కలు, విజ్ఞానం మీద కూడా ఉన్నాయి, ముద్రించుకోవడానికి అనుమతి ఉంది. ఒకే కథ తెలుగులో, కన్నడంలో, తమిళంలో, హిందీలో దొరికినప్పుడు మీ తరగతిలో ఏ పిల్లా మూల కూర్చోదు. మూడోది కేంద్ర విద్యాశాఖ వారి దీక్షా. ప్రభుత్వ పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో నేరుగా ఆ పాఠానికే వెళ్తారు, వెతుకులాట ఉండదు. ఫోనులోని 1,400లో ఈ ఏడాది నిజంగా వాడినవి ముప్పై ఉంటే గొప్ప. అవి ఉంచి మిగతావి తీసేయండి. వాటిలో ఎవరో డబ్బుకు అమ్ముకునే వర్క్‌షీట్లు కూడా ఉండే ఉంటాయి, పోతే పోయాయి.

డబ్బు విషయం. మీ వారి మాట గుచ్చుకునేలా ఉన్నా ఆయన కూడిన లెక్క సరైనదే. బడిని అడగండి, కానీ పోయిన 31,400 అడగకండి. అది రాదు, అడిగితే గొడవ అవుతుంది. వచ్చే ఏడాదికి తరగతికి ఇంత అని, ఏమేం కావాలో ఒక పేజీలో రాసి, బడి తెరవకముందే ఇవ్వండి. ఇస్తే ఆ వస్తువులు బడివి అవుతాయి, మీరు వెళ్లిపోతే వెంట తీసుకెళ్లలేరు, ఏం కొనాలో వాళ్లు చెప్పడం కూడా మొదలుపెట్టవచ్చు. ఇవ్వకపోతే మీ సొంత డబ్బుకు నెలకు 300 అని గీత గీసుకోండి, ఆ గీత ఇంట్లో కూడా చెప్పండి. అన్నట్టు, రాత్రి రంగులు వేసే ఆ అమ్మాయిని కూడా ఆ పని నుంచి తప్పించండి.

వరండా అలంకరణ కాదంటే ఇంక్రిమెంటు దగ్గరో, టైమ్‌టేబుల్ దగ్గరో చూపిస్తారు, మీకు తెలియనిది కాదు. ఒప్పుకుంటే మళ్లీ పదకొండు దాటిన రాత్రులే. మధ్య దారి ఒకటుంది: "చేస్తాను, కానీ పిల్లలు చేసినవే పెడతాను, ప్రతి దాని కింద ఆ పిల్లల పేరు ఉంటుంది" అనండి. గీతలు వంకరగా ఉన్నాయని కోఆర్డినేటర్ సణుగుతారు. తల్లిదండ్రులు వచ్చిన రోజు చూడండి, ప్రతి ఒక్కరూ ముందు తమ బిడ్డ పేరు వెతుక్కుంటారు. మీ పేరు రాకపోవడం అప్పటికీ అలాగే ఉంటుంది. ఆ కరపత్రం విషయం మీరు ఒక్కసారైనా నోరు తెరిచి అడిగినట్టు ఉత్తరంలో లేదు. "తరువాతి దాంట్లో తయారు చేసినవారి పేరు వేయండి" అని అడగడం గొడవ కాదు. అడిగాక కూడా వేయకపోతే ఆ బడి మీకేం విలువ ఇస్తోందో తేలిపోతుంది, వేరే బడి ఆలోచన అప్పుడు చేయండి. పరీక్షల అలసటలో రాజీనామా రాయకండి. కొత్త బడికి వెళ్తే ఇంటర్వ్యూలోనే అడగండి, తరగతికి సామగ్రి ఖర్చు ఎవరిది అని. ఆ ప్రశ్నకు వాళ్ల ముఖం మారితే అదే జవాబు.

చివరిగా, చేసేసిన చార్టులు. పారేయకండి. వెనకవైపు ఖాళీ, పైన ప్లాస్టిక్. వైట్‌బోర్డు మార్కరుతో రాసి గుడ్డతో తుడిస్తే పోతుంది, అంటే పలకలు సిద్ధంగా ఉన్నట్టే. మీరు ప్రశ్న వేసి, ఆగి, "చూపించండి" అనగానే 42 పలకలు ఒకేసారి పైకి లేస్తాయి. ఆ 27 మంది ఎవరో తెలియడానికి అర్ధసంవత్సర పరీక్ష దాకా ఆగక్కరలేదు. మార్కర్లు ఇద్దరికొకటి చొప్పున 21 కావాలి, బడికి ఇచ్చే జాబితాలో మొదట అదే రాయండి. ఒక్కో చార్టుకు నాలుగు పలకలు వస్తాయి, పదకొండు చార్టులు చాలు. మూలలు గుండ్రంగా కత్తిరించండి, లేకపోతే పిల్లలకు గుచ్చుకుంటాయి. పిజ్జాల చార్టుతో మొదలుపెట్టండి.